మీ మిద్దె మీద ఎంత కరెంటు పండుతుంది? తిరుపతి ఇళ్ళకు సౌరవిద్యుత్ లెక్క

జర్మనీ రాజధాని బెర్లిన్‌లో సొంత ఇల్లు ఉన్నవారు కప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టుకోవాలనుకుంటే మొదట నగరపాలన వారు తయారుచేసిన పటాన్ని తెరిచి చూసుకుంటారు. ఏ భవనం కప్పు ఎంత వాలుగా ఉంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది, పక్క భవనాల నీడ దాని మీద ఎంత పడుతుంది అన్న సంగతులు లెక్కగట్టి, ఏ కప్పు సౌరవిద్యుత్తుకు ఎంతవరకు అనుకూలమో ఆ పటంలో చూపించారు. 2023 జనవరి 1 నుంచి అక్కడ కొత్తగా కట్టే ఇళ్ళకు కప్పులో 30 శాతం మేర ప్యానెళ్ళు ఉండాలన్న చట్టం కూడా అమల్లో ఉంది. ఇంత శ్రద్ధ తీసుకుంటున్న ఆ నగరంలో ఒక కిలోవాట్ ప్యానెళ్ళ నుంచి ఏడాదికి వచ్చేది సుమారు 950 నుంచి 1,000 యూనిట్లు మాత్రమే. అవే ప్యానెళ్ళను తిరుపతిలో నీడ లేని మిద్దె మీద పెడితే ఏడాదికి 1,400 నుంచి 1,500 యూనిట్ల వరకు వస్తాయి.

కాబట్టి మనకు ఎండ చాలదేమోనన్న దిగులు అక్కర్లేదు. మన దగ్గర నష్టమంతా ప్యానెళ్ళను ఎక్కడ పెడుతున్నాం, ఎన్ని పెడుతున్నాం అన్న రెండు నిర్ణయాల్లోనే జరుగుతోంది. కొటేషన్ ఇవ్వడానికి వచ్చిన మనిషి మిద్దె ఎక్కి పది నిమిషాలు చూసి, ఖాళీగా కనిపించిన చోటు చూపించి, 3 కిలోవాట్లు పెట్టుకోండి అని చెప్పి దిగిపోతాడు. మా ఇంట్లో జరిగింది అదే. అప్పుడు నాకు ఈ లెక్కలు తెలియవు. పెట్టిన 6 ప్యానెళ్ళలో 2 ప్యానెళ్ళ మీద నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలు నీళ్ళ ట్యాంకు నీడ పడేది. వాటిని విప్పించి మరోచోట బిగించడానికి మళ్ళీ ఖర్చు పెట్టాల్సి వచ్చింది. బెర్లిన్‌వారి పటం చేసే పనిని ఒక టేపు, ఒక సుద్దముక్క, ఒక సంవత్సరం కరెంటు బిల్లులతో ఎవరి మిద్దెకు వారు చేసుకోవచ్చు. ఒక ఆదివారం సరిపోతుంది.

నీడ లెక్క

ముందుగా మన ఊరి మీద సూర్యుడు ఎలా నడుస్తాడో తెలుసుకోవాలి. తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. చిత్తూరు కాస్త దక్షిణంగా, సుమారు 13.2 డిగ్రీల మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెంటి నడుమ ఉన్న రోజుల్లో కొద్దిగా ఉత్తరానికి ఒరుగుతాడు, మిగతా ఏడాదంతా దక్షిణంగానే నడుస్తాడు. డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం వేళ కూడా నేల నుంచి 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. బెర్లిన్‌లో అదే రోజు మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు సుమారు 14 డిగ్రీలే. ఊరికి ఉత్తరాన గోడలా నిలబడిన శేషాచలం కొండల వల్ల ఎండ తగ్గుతుందేమోనని కొందరు నన్ను అడిగారు. సూర్యుడు ఎక్కువ కాలం దక్షిణంగానే తిరుగుతాడు గనుక ఆ కొండలతో ఇబ్బంది లేదు. మనకు అడ్డు వచ్చేవి ఇంటికి దక్షిణాన, ఆగ్నేయాన, నైరుతిన ఉన్నవే.

ఇక్కడే మన ఇళ్ళకు ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. వాస్తు ప్రకారం బరువూ ఎత్తూ నైరుతిలో ఉండాలని నీళ్ళ ట్యాంకును అక్కడే, అది కూడా ఎత్తైన దిమ్మె మీద పెట్టిస్తాం, ఈశాన్యాన్ని ఖాళీగా వదిలేస్తాం. చలికాలంలో మధ్యాహ్నం మూడు గంటలకు సూర్యుడు ఉండేది సరిగ్గా నైరుతి దిక్కునే, అంటే ట్యాంకు నీడ పడేది మనం ఖాళీగా ఉంచిన ఈశాన్యం వైపే. ఖాళీగా ఉంది కదా అని ప్యానెళ్ళను ట్యాంకుకు ఈశాన్యంగా దగ్గరలో బిగిస్తే సంవత్సరంలో నాలుగు నెలల పాటు సాయంత్రపు కరెంటు పోగొట్టుకున్నట్టే. ట్యాంకును కదిలించమని నేను చెప్పను, ఎవరి నమ్మకం వారిది. ట్యాంకుకు తూర్పుగా, మిద్దె దక్షిణపు అంచు వెంట ప్యానెళ్ళ వరుస వేసుకుంటే వాస్తుకూ భంగం ఉండదు, ఎండకూ లోటు ఉండదు.

డిసెంబరు దాకా ఆగి నీడలు చూసుకోవాల్సిన పని లేదు, వాటిని ఏ నెలలోనైనా లెక్క కట్టవచ్చు. ట్యాంకు, మెట్లగది, పిట్టగోడ, పక్కవారి పై అంతస్తు, కొబ్బరిచెట్టు, ఇలా మిద్దె మీద నీడ వేయగల ప్రతి వస్తువు మన స్లాబు కంటే ఎన్ని అడుగులు ఎత్తు ఉందో కొలిచి రాసుకోండి. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం దాని నీడ ఉత్తరం వైపు ఆ ఎత్తులో ముప్పాతిక వంతు పొడవు ఉంటుంది. ఉదయం 9 గంటల ప్రాంతంలో వాయవ్యం వైపు, మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో ఈశాన్యం వైపు ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు కొంచెం పైగా పడుతుంది. ఉదాహరణకు ట్యాంకు పైభాగం స్లాబు నుంచి 8 అడుగులు ఉంటే మధ్యాహ్నం నీడ 6 అడుగులు, మూడు గంటలకు పన్నెండున్నర అడుగులు. అదే ట్యాంకు బెర్లిన్‌లో ఉంటే డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ 32 అడుగుల దాకా సాగుతుంది. ఆ దేశంలో నగరమంతటికీ నీడల పటం ఎందుకు అవసరమైందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఫోనులోని దిక్సూచితో నాలుగు దిక్కులూ సరిచూసుకొని, ఈ పొడవుల ప్రకారం స్లాబు మీద సుద్దతో గీతలు గీయండి. ఏ గీత లోపలా పడని స్థలమే మీ అసలు సౌరక్షేత్రం. వెయ్యి చదరపు అడుగుల మిద్దెలో ఇలాంటి స్థలం నాలుగు వందల అడుగులకు మించకపోయినా ఆశ్చర్యపోకండి, అది కూడా చాలు. ప్యానెళ్ళను స్లాబుకు అంటకుండా ఎత్తైన స్టాండు మీద పెట్టేటట్లయితే వస్తువు ఎత్తులోంచి స్టాండు ఎత్తును తీసివేసి లెక్కించాలి. 8 అడుగుల ట్యాంకు పక్కన 6 అడుగుల స్టాండు వేస్తే ప్యానెళ్ళకు తగిలేది మిగిలిన 2 అడుగుల నీడే. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకోవడానికీ వేసవి రాత్రుళ్ళు పడుకోవడానికీ మిద్దెను వాడుకునే ఇళ్ళకు ఎత్తు స్టాండు వల్ల కింద చోటు కూడా మిగులుతుంది. అయితే ఎత్తు పెరిగేకొద్దీ గాలి తాకిడి పెరుగుతుంది, దాని సంగతి తరువాత చెబుతాను.

నీడ కొంచెమే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ప్యానెళ్ళన్నిటినీ ఒకదాని వెంట ఒకటిగా కలిపి, వాటి కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరుకు తెస్తారు కాబట్టి ఒక ప్యానెల్ మీద అరచేతి వెడల్పు నీడ పడినా, పోయే కరెంటు ఆ నీడ వైశాల్యం కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. ప్రతి ప్యానెల్‌లోనూ నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారిలో పంపే బైపాస్ డయోడ్లు ఉండడం వల్ల నష్టం కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. నీడను తప్పించుకోలేని ఇళ్ళలో ప్యానెల్‌కు ఒకటి చొప్పున చిన్న ఇన్వర్టర్లు పెట్టించుకోవడం ఒక మార్గం, దానికి ఖర్చు ఎక్కువ అవుతుంది.

దిక్కు, వాలు, వేడి

ప్యానెళ్ళ ముఖం దక్షిణానికి ఉండాలి, వాలు 10 నుంచి 15 డిగ్రీలు ఉంటే మన అక్షాంశానికి సరిపోతుంది. అంతకంటే చదునుగా పెడితే వానకు దుమ్ము కొట్టుకుపోదు, కింది అంచు దగ్గర మట్టి పేరుకుంటుంది. ఇంటి వాటాన్ని బట్టి తూర్పుకో పడమటికో తిప్పాల్సి వచ్చినా ఇంత తక్కువ వాలులో పోయేది కొద్ది శాతమే గనుక, నీడలో దక్షిణ ముఖం కంటే ఎండలో తూర్పు ముఖమే మేలు.

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందన్నది సగమే నిజం. ప్యానెల్ మీద రాసి ఉన్న వాట్లు 25 డిగ్రీల వేడిలో కొలిచినవి. ప్యానెల్ వేడి ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా ఉత్పత్తి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం అక్కడే పోతుంది. అందుకే మన దగ్గర మే కంటే మార్చిలో దిగుబడి సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. రేకుల కప్పు మీద ప్యానెళ్ళను రేకుకు ఆనించి బిగించే పద్ధతి మన ఊరికి తగదు. కింది నుంచి గాలి ఆడేలా కనీసం అరడుగు సందు వదలాలి.

ఏడాదిలో మనకు తక్కువ కరెంటు వచ్చేది నవంబరు, డిసెంబరు నెలల్లో, ఈశాన్య రుతుపవనాల మబ్బుల వల్ల. అప్పటి దిగుబడి మార్చి దిగుబడిలో మూడింట రెండు వంతులకు అటూ ఇటూగా ఉంటుంది. బెర్లిన్‌లో డిసెంబరు దిగుబడి జూన్ దిగుబడిలో ఐదో వంతు కూడా ఉండదు. మీ మిద్దెకే నెలవారీ అంచనా కావాలంటే యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం ఉచితంగా అందిస్తున్న పీవీజీఐఎస్ అనే లెక్కింపు సాధనం మన దేశానికి కూడా పనిచేస్తుంది. పటంలో మీ ఇంటి మీద నొక్కి, సామర్థ్యం 1 కిలోవాట్, నష్టాలు 14 శాతం, వాలు 13, దిక్కు 0 అని ఇస్తే పన్నెండు నెలల యూనిట్లూ చూపిస్తుంది. అందులో దక్షిణానికి గుర్తు 0 అని మరిచిపోవద్దు. 180 అని ఇస్తే ఉత్తరమని తీసుకుంటుంది. అది మీ ట్యాంకు నీడను చూడలేదు గనుక సుద్దగీతల పని చేశాకే ఆ అంకెను నమ్మాలి. ఏ సాధనమూ లేకుండా చెప్పాలంటే కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు అనుకుంటే చాలు.

ఎన్ని కిలోవాట్లు పెట్టాలి

ఈ ప్రశ్నకు జవాబు మీ బిల్లులో ఉంటుంది. గత 12 నెలల బిల్లుల్లో యూనిట్లు మాత్రమే వరుసగా రాసుకోండి. రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ. 1.90, 75 వరకు రూ. 3, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6, 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75 చొప్పున పడుతుంది. మీ తాజా బిల్లులో రేట్లు మారి ఉంటే ఆ రేట్లతోనే ఈ లెక్క చేసుకోండి. వీధి లైను నుంచి తీసుకున్న కరెంటునూ దానికి ఇచ్చిన కరెంటునూ రెంటినీ కొలిచే నెట్ మీటరు ఉన్న ఇంటికి, వాడుకున్న యూనిట్లలోంచి ఇచ్చిన యూనిట్లను తీసివేసి మిగిలినవాటికే బిల్లు వస్తుంది. అంటే సౌరవిద్యుత్తు మీ బిల్లును పైనుంచి, అత్యంత ఖరీదైన యూనిట్ల వైపు నుంచి కోసుకుంటూ వస్తుంది. చాలామంది గమనించని సంగతి ఇదే.

నెలకు 300 యూనిట్లు వాడే కుటుంబాన్ని తీసుకుందాం. స్థిర ఛార్జీలు, సుంకాలు, సర్దుబాటు ఛార్జీలు పక్కన పెడితే యూనిట్ల ధర సుమారు రూ. 1,673. ఈ ఇంటి మీద 2 కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు పోయి 60 యూనిట్లు మిగులుతాయి, వాటి ధర రూ. 147. అంటే నెలకు సుమారు రూ. 1,526 ఆదా. 3 కిలోవాట్లు పెడితే ఆ రూ. 147 కూడా పోతాయి, కొన్ని యూనిట్లు మిగులుతాయి. కానీ మూడో కిలోవాట్ సంపాదించింది ఆ కొద్దిపాటి సొమ్మే. మిగులు యూనిట్లకు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, చెల్లించే ధర మనం కొనే పైశ్లాబు ధర కంటే చాలా తక్కువగా ఉంటుంది. ఇదే కుటుంబం ఏసీల వల్ల వేసవిలో 450 యూనిట్లు వాడితే లెక్క మారుతుంది. ఆ నెలల్లో 2 కిలోవాట్లతో రూ. 3,036 బిల్లు రూ. 927కు దిగుతుంది, మూడో కిలోవాట్ ఉంటే దాదాపు రూ. 260కు, అంటే మరో రూ. 667 మేర దిగుతుంది. ఏడాదిలో అలాంటి నెలలు ఎన్ని ఉన్నాయో మీ పన్నెండు బిల్లులే చెబుతాయి.

రాయితీ కూడా ఇదే దారిలో ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ. 30,000, మూడో కిలోవాట్‌కు రూ. 18,000 వస్తుంది. 3 కిలోవాట్లకు మొత్తం రూ. 78,000, అంతకు మించి ఎన్ని పెట్టినా రాయితీ పెరగదు. ఏసీ లేని మధ్యతరగతి ఇంటికి 2 కిలోవాట్లు, ఒకటి రెండు ఏసీలున్న ఇంటికి 3 కిలోవాట్లు అని నేను అడిగినవారికి చెబుతుంటాను. నెలకు 100 యూనిట్లు దాటని ఇంటివారు తొందరపడి అప్పు చేయనవసరం లేదు, వారి యూనిట్లు ఇప్పటికే చౌక శ్లాబుల్లో ఉన్నాయి. కొటేషన్‌లో రాయితీ పోగా మీ చేతి నుంచి పడే మొత్తాన్ని ఏడాది ఆదాతో భాగిస్తే పెట్టుబడి ఎన్నేళ్ళలో తిరిగి వస్తుందో తెలుస్తుంది. ప్యానెళ్ళకు సాధారణంగా 25 ఏళ్ళ పనితీరు హామీ ఇస్తారు. ఇన్వర్టరును మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చునని ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోండి.

స్థలం విషయానికొస్తే, ఇప్పుడు వస్తున్న 540 వాట్ల ప్యానెల్ సుమారు ఏడున్నర అడుగుల పొడవు, పావు తక్కువ నాలుగడుగుల వెడల్పు ఉంటుంది. 4 ప్యానెళ్ళు పక్కపక్కన నిలిపితే 15 అడుగుల వరుసలో 2 కిలోవాట్లకు పైగా వస్తాయి, 6 ప్యానెళ్ళకు ఇరవై రెండున్నర అడుగులు కావాలి. చుట్టూ మనిషి నడిచి కడగడానికి రెండడుగులు వదలండి.

బిగించేటప్పుడు పట్టుబట్టవలసినవి

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలను చూసినవారికి గాలివాన బలం గురించి వేరే చెప్పనక్కర్లేదు. స్టాండు కాళ్ళను సిమెంటు దిమ్మెల్లో బోల్టులతో బిగించాలి. స్లాబుకు రంధ్రాలు వేసే పక్షంలో ప్రతి రంధ్రం చుట్టూ నీరు దిగకుండా పూత వేయించాలి. పైన చలువ టైల్స్ ఉన్న మిద్దెలో ఈ జాగ్రత్త తప్పితే మరుసటి వానకే గది లోపల చెమ్మ కనిపిస్తుంది. స్టాండు ఇనుము గాల్వనైజ్ చేసినది, అంటే జింకు పూత ఉన్నది కావాలి, మామూలు ఇనుముకు రంగు వేసి తెస్తే ఒప్పుకోవద్దు. ప్యానెళ్ళ వైపు ఒకటి, ఇంటి కరెంటు వైపు ఒకటి, పిడుగు నిరోధకానికి ఒకటి చొప్పున మూడు ఎర్తింగ్ గుంతలు వేరువేరుగా తవ్వించాలి. మన నేలలో రాయి తగిలితే లోతు తగ్గించేసి మూసేయడం కద్దు గనుక, గుంత తవ్వే రోజు మీరు ఇంట్లో ఉండండి. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్ళవారు కోతుల బెడద దృష్ట్యా తీగలన్నిటినీ పైపుల్లో వేయించాలి.

రాయితీ రావాలంటే ప్యానెళ్ళు దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవై ఉండాలి, ఆ మాట కొటేషన్‌లో రాయించుకోండి. ఇంకొకటి: బ్యాటరీ లేని ఈ ఏర్పాటులో వీధి కరెంటు పోతే, ఎంత ఎండ ఉన్నా, మీ ఇంట్లో కూడా కరెంటు ఉండదు. లైన్ల మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. కోతలు బాగా బాధించే ఇంటివారు ఈ సంగతి ముందే తెలుసుకొని, పాత ఇన్వర్టరు బ్యాటరీని వదులుకోకుండా ఉంచుకోవడం మంచిది.

దరఖాస్తు పని పెద్దది కాదు. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో రాష్ట్రం, డిస్కం, బిల్లు మీది సర్వీసు నంబరు ఇచ్చి నమోదు కావాలి. మన డిస్కం ఎస్పీడీసీఎల్, దాని ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అనే దశను 2024 నిబంధనలు తొలగించాయి. తరువాత నమోదైన విక్రేతను ఎంచుకోవడం, బిగింపు, నెట్ మీటరు, తనిఖీ, చివరగా బ్యాంకు ఖాతా వివరాలు. సర్వీసు ఇంకా నాన్నగారి పేరనో తాతగారి పేరనో ఉన్నట్లయితే పేరు మార్పు ముందు పూర్తి చేసుకోండి, లేకపోతే దరఖాస్తుకు అది అడ్డం పడవచ్చు. విక్రేత 5 ఏళ్ళు నిర్వహణ చూడాలన్నది పథకం నియమం కాబట్టి దాన్ని కూడా ఒప్పందంలో రాయించుకోండి. అపార్టుమెంటువారు ఉమ్మడి అవసరాలకు, అంటే లిఫ్టుకూ మోటారుకూ, సంఘం పేరిట పెట్టుకుంటే కిలోవాట్‌కు రూ. 18,000 రాయితీ ఉంది.

కడగడం గురించి ఒక మాట. వానలు లేని నెలల్లో పదిహేను రోజులకొకసారి, ప్యానెళ్ళు ఇంకా చల్లగా ఉన్న తెల్లవారు వేళ కడగాలి. ఎండెక్కిన అద్దం మీద చన్నీళ్ళు పోయకూడదు. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి వాటితో కడిగితే ఆరిన చోట తెల్లటి మరకలు కట్టి, కొన్నాళ్ళకు గీకినా పోవు. కార్పొరేషన్ కొళాయి నీళ్ళు రెండు బకెట్లు, మెత్తటి గుడ్డ ఉంటే చాలు, సబ్బు వద్దు. ఆ రోజే ఇన్వర్టరు మీద కనిపించే యూనిట్ల అంకెను ఒక నోటు పుస్తకంలో తేదీతో రాసుకోండి. నిరుడు ఇదే నెలలో వచ్చినదానికంటే పది శాతం పైగా తగ్గితే, మిద్దె ఎక్కి కొత్తగా ఏ నీడ వచ్చిందో, ఏ తీగ వదులైందో చూసి, విక్రేతకు ఫోను చేయండి.